జతలో ఒకటి

ఇందు సంచి సర్దుతుంటే నేను గడప ఇవతల పీట వేసుకుని కూర్చుని చూస్తున్నాను.

వీపుకు తగిలించుకునే నీలం సంచి అది. ఒకవైపు జిప్పు పోతే పిన్నీసు పెట్టింది. ముందు లాప్‌టాప్ పెట్టింది. దాని పక్కన కాగితాల ఫైలు, రెండు జతల బట్టలు, నా గంధం రంగు వెంకటగిరి చీర. పెద్దవాళ్ళను కలిసే రోజు కట్టుకోమని నేనే ఇచ్చాను. వాళ్ళకు ఇవ్వడానికి ఉదయగిరి చెక్క గరిటెలు ఒక డజను కాగితంలో చుట్టి పెట్టింది. చివరగా రెండు నల్ల పెట్టెలు తెచ్చింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత ఉంటుంది. వాటిని నా పాత చీర ముక్కలో పక్కపక్కన పెట్టి మడిచి, బట్టల మధ్యలో దూర్చింది.

"ఏందవ్వా, అట్ట జూస్తా ఉండావు? లెక్కబెడతా ఉండావా?" అంది నవ్వుతూ.

"ఏమన్నా మర్చిపోతావేమోనని."

"మర్చిపోతే నువ్వుండావు గదా, కేకేసేదానికి."

ఇందు నా తమ్ముడి మనవరాలు. వాళ్ళ నాయన బాలసుబ్రహ్మణ్యానికి ఇదే వీధిలో, ఆత్మకూరు బజారులో టోకు సరుకుల అంగడి ఉంది. కూతురు సినిమా తీస్తానన్న రోజు నుంచి ఆయన ఆమెతో సరిగా మాట్లాడటం మానేశాడు. అందుకే నాలుగేళ్ళుగా ఇందు నా దగ్గరే ఉంది. ఒకప్పుడు పప్పుల బస్తాలు వేసుకున్న వెనక గదిలో బల్ల వేసుకుని, కిటికీకి దుప్పటి కట్టి, తీసిన ముక్కలన్నీ అతికి సినిమా కూర్చుకుంది.

ఇందు స్నానానికి వెళ్ళింది. నేను పీట మీద నుంచి లేచాను.

నేను చేసింది చెప్పాలంటే మా పుట్టింటి పద్ధతి ఒకటి ముందు చెప్పాలి. మాది వ్యాపారం చేసుకునే ఇల్లు. మా నాయన బండి కట్టుకుని అనుమసముద్రంపేట ఉరుసుకు, దుత్తలూరు వైపు పల్లెలకు సరుకు తీసుకుపోయేవాడు. ఆయన బయలుదేరే ముందు మా అమ్మ సంచిలోంచి ఒక వస్తువు తీసి బియ్యం కుండలో దాచేది. రెండు తువ్వాళ్ళు ఉంటే ఒకటి, రెండు దువ్వెనలు ఉంటే ఒకటి. దారిలో మనిషి ఇబ్బంది పడకూడదు కాబట్టి ఎప్పుడూ జతలో ఒకటే తీయాలి. జతలో ఒకటి ఇంట్లో ఉంటే రెండోది తీసుకుపోయిన మనిషి కాలు మళ్ళీ ఈ గడప తొక్కుతుంది. ఇంకొక నియమం కూడా ఉంది. తీసిన సంగతి మనిషి తిరిగి వచ్చేదాకా చెప్పకూడదు. అడిగినా చెప్పకూడదు. చెబితే ఆ కట్టు తెగిపోతుంది. నాయన వచ్చి కాళ్ళు కడుక్కోగానే అమ్మ బియ్యంలోంచి తువ్వాలు తీసి దులిపి చేతికిచ్చేది. "ఎత్తిపెట్టినావా!" అని ఆయన నవ్వేవాడు. మా నాయన ఏ ప్రయాణంలోనూ పోలేదు. ఇంట్లోనే, మంచం మీద పోయాడు.

నాకు ముప్పై ఏళ్ళప్పుడు నా భర్త సరుకు కొనడానికి మద్రాసు వెళ్ళాడు. ముందురోజు మాకు మాటామాటా వచ్చింది. ఆ కోపంలో నేను ఆయన సంచి ముట్టుకోలేదు. రెండు తువ్వాళ్ళూ తీసుకునే వెళ్ళాడు. ఆయన మద్రాసులో రైలు దిగడం చూసినవాళ్ళు ఉన్నారు. ఆ తరువాత చూసినవాళ్ళు లేరు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా తమ్ముడిని నెల్లూరు తీసుకుపోయారు. అంబులెన్సు అతను "సంచి వద్దు, ఏమీ వద్దు, ఎక్కించండి" అన్నాడు. సంచే లేనప్పుడు ఏం తీసి దాస్తాను? వాడూ రాలేదు. నావి మూఢనమ్మకాలని చదువుకున్నవాళ్ళు అనవచ్చు. నా దగ్గర ఉన్న లెక్క ఇదే.

అందుకే ఇందు ఎటు వెళ్ళినా ఒకటి తీస్తాను. హైదరాబాదు వెళ్ళినప్పుడు చెవి కమ్మల్లో ఒకటి, కేరళ వెళ్ళినప్పుడు మేజోళ్ళలో ఒకటి. తిరిగి వచ్చాక చేతిలో పెడితే, "ఇదేం పిచ్చి అవ్వా, ఒక్క మేజోడుతో వారం తిరిగినాను" అని నవ్వేది. ఇప్పుడు గోవా. అంత పెద్ద పని మీద ఎప్పుడూ పోలేదు. చిన్న వస్తువు చాలదనిపించింది.

చీర ముక్క విప్పాను. రెండు పెట్టెల్లో ఒకటి తీశాను. సన్నగా కనిపించకుండా బట్టను ఇంకొక మడత వేసి, ఉన్నచోటే పెట్టాను. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పెట్టెను అడుక్కు తోసి, పైన బియ్యం సర్దాను. స్నానాల గదిలో ఇంకా నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఆ రెండు పెట్టెల్లోనూ ఒకే సరుకు ఉందనుకున్నాను. రెండో తువ్వాలు లాంటిదే అనుకున్నాను.

* * *

నా భర్త పోయాక నేను తమ్ముడి అంగట్లో కూర్చుని పొట్లాలు కట్టేదాన్ని. పాత పత్రికల కాగితాల మీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. కథలు దొరికేవి గానీ సగంలో చిరిగిపోయి ఉండేవి. మిగతా సగం ఏ ఊరికి, ఎవరి ఇంటికి, ఏ పప్పు చుట్టుకుని వెళ్ళిందో తెలియదు. ఇందు చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఆ సగం కథ విని, మిగతా సగం తానే చెప్పేది. అందులో పోయినవాళ్ళందరూ తిరిగి వచ్చేవారు. సినిమా పిచ్చి దానికి నా వల్లే పట్టిందని బాలసుబ్రహ్మణ్యం అంటాడు. నిజమే కావచ్చు.

దాని సినిమా ఉదయగిరిలో గరిటెలు చెక్కే ముసలాయన కథ. భార్య చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆమె వచ్చేలోగా పూర్తి చేయాలని ఆయన ఒక పెద్ద గరిటె చెక్కుతూ ఉంటాడు. పూర్తి కాదు. అంతే కథ. ముసలాయన వేషం వేసింది పెంచలనరసయ్య. నిజంగానే ఉదయగిరిలో గరిటెలు చెక్కుతాడు, వయసులో ఉన్నప్పుడు వీధి నాటకాలు ఆడాడు. కెమెరా పట్టుకున్నది దుత్తలూరు వెంకటేష్. వాళ్ళది మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి కొనుక్కున్న కెమెరాతో నాలుగేళ్ళు ఇందు వెంట నడిచాడు. ఒక్కరోజు కూడా జీతం అడగలేదు.

డబ్బు కోసం ఇందు తిరగని చోటు లేదు. హైదరాబాదులో ఒకాయన కథంతా విని, "ముసలాయన కొడుకుని హీరో చెయ్యి, ముసలాయన్ని రెండో సీన్లో చంపెయ్" అన్నాడట. ఉదయగిరి వైపు పొలాలున్న పెద్దాయన ఒకరు డబ్బు పెడతానని, తన తండ్రి విగ్రహం రెండుసార్లు కనబడాలని, ఎన్నికలలోపు విడుదల కావాలని అన్నాడు. కంప్యూటర్‌లో పాఠం చెప్పే విదేశీ పెద్దమనిషి ఒకాయన, "వీళ్ళు ఇంత పేదవాళ్ళు గదా, మధ్యలో జోకులు ఎందుకు వేసుకుంటున్నారు?" అని అడిగాడు. ఇందు ఆ రోజు అన్నం తినలేదు. "నవ్వితే పేదోళ్ళు కాదంటనా అవ్వా?" అని ఒక్కటే అడగడం.

చివరికి ఊళ్ళవాళ్ళు, స్నేహితులు తలా కొంత ఇచ్చారు. నేను నా గాజులు ఇచ్చాను. ఇరవై రెండు రోజులు షూటింగ్ జరిగింది. ఇంకా నాలుగు రోజులది మిగిలింది. ఆ నాలుగు రోజులకూ శబ్దం పనికీ డబ్బు లేక ఆగిపోయింది.

ఆ సినిమాలో నేనూ ఒక పాత్ర వేశాను. బస్సెక్కి పోయే భార్యకు తల్లిని. మాటలు లేవు. ఉదయగిరి దుర్గం కొండ కింద రోడ్డు పక్కన నిలబడి, పోయే బస్సును చూడాలి. బస్సు అద్దెకు తెచ్చారు. మొదటిసారి బస్సు కదిలేసరికి నిజంగానే ఏడ్చాను. "కట్" అంది ఇందు. "అవ్వా, ఏడవొద్దు. ఊరికే చూడు." బస్సు వెనక్కు వచ్చింది. రెండోసారీ ఏడ్చాను. బస్సు మళ్ళీ వెనక్కు వచ్చింది. అట్లా పదకొండుసార్లు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందవ్వా, నీ ఏడుపుకి నా డీజిలంతా అయిపోతా ఉండాది!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డెబ్బై ఏళ్ళ జీవితంలో ఆ ఒక్కరోజే పోయినవాళ్ళు పోయినట్టే తిరిగి వచ్చారు, పదకొండుసార్లు. పన్నెండోసారి బస్సు కదిలినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఎలాగూ వస్తుంది కదా అని చూస్తూ నిలబడ్డాను. "అదీ!" అని ఇందు పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకుంది.

కూర్చినంతవరకు సినిమాను ఉత్సవాలకు పంపింది. ఒక్కొక్కదానికి రుసుము కట్టాలి. నెలల తరబడి ఎదురుచూడాలి. జవాబులు ఫోనులోకి వస్తాయి. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఒక్క మాట ఆకారం గుర్తుపడతాను. అన్‌ఫార్చునేట్లీ. అది ఉంటే సినిమాను తీసుకోలేదని అర్థమట. ప్రతి ఉత్తరంలో రెండో వరుసలోనే ఉంటుంది. పొడుగ్గా, మధ్యలో ఒక కొక్కెంతో. ఇందు ఫోను బల్ల మీద వదిలి వెళ్ళినప్పుడు ముందు నేను చూసేదాన్ని. ఆ మాట కనబడితే, అది అన్నం తినేదాకా ఫోను తలగడ కింద పెట్టేదాన్ని. పద్నాలుగుసార్లు అట్లా పెట్టాను.

పదిహేనోసారి ఆ మాట లేదు. అది ఉత్సవం కాదు, సగంలో ఆగిన సినిమాలకు గోవాలో జరిగే సంత లాంటిది. దేశాల నుంచి నిర్మాతలు వస్తారు, చూస్తారు, నచ్చితే మిగతా డబ్బు పెడతారు. అందులో ఒక ఫ్రాన్సు ఆవిడ ఇందుతో మాట్లాడటానికి మంగళవారం పదకొండు గంటలకు అరగంట సమయం ఇచ్చింది.

"సంత అంటే మాకు తెలీనిదా. మచ్చు తీసుకుపోవాల గదా?" అన్నాను. మచ్చు అంటే ధాన్యం బేరానికి తీసుకుపోయే పిడికెడు గింజలు. అది చూపించకుండా ఏ సంతలోనూ మాట మొదలవదు.

"అదే అవ్వా! నా మచ్చు ఈ సంచీలోనే ఉండాది" అంది ఇందు సంచి తట్టి. నేను లాప్‌టాప్ అనుకున్నాను.

వెంకటేష్ ఆటోతో వచ్చాడు. వాడూ గోవా వెళ్తున్నాడు. బాలసుబ్రహ్మణ్యం అంగడి మెట్ల మీద నిలబడి, దిగకుండా, "మా అమ్మాయి తిరునాళ్ళకు పోతా ఉండాది. పీపీ బూరలు కొనుక్కొస్తాది, జూడండి" అని పక్క అంగడి వాళ్ళతో అన్నాడు. ఇందు విననట్టే ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగాక ఆయన చాలాసేపు మెట్ల మీదే నిలబడి ఉండటం నేను చూశాను.

ఆ రోజు నాకు మనసు నెమ్మదిగా ఉంది. ఎప్పుడూ లేనంత నెమ్మది. డబ్బాలో పెద్ద వస్తువే ఉంది కదా.

* * *

మరునాడు ఆదివారం. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఫోను మోగింది. వీధిలో అన్ని ఇళ్ళలోనూ క్రికెట్ ఫైనలు మోగుతోంది. ఇందు గొంతు సరిగా వినబడలేదు.

"అవ్వా, నా మంచం మీద చూడు. బల్ల కింద చూడు. నల్ల పెట్టె ఒకటి, హార్డ్‌డిస్కు, పడిపోయిందేమో."

"రెండోది ఉండాది గదా నీ కాడ?" అన్నాను.

"ఉండాది. అది పనికిరాదు. దాంట్లో తీసింది తీసినట్టు ముక్కలే ఉండాయి. కూర్చిందంతా, సినిమా అంతా, పోయినదాంట్లోనే ఉండాది. ఉత్సవాలకు పంపిన పాతది నెట్‌లోంచి తీసేసినాను, ఇంగోచోట పెట్టుకోలేదు, నాదే బుద్ధి తక్కువ. చూడవ్వా, తొందరగా చూడు."

నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం డబ్బా మూత తీశాను. చెయ్యి లోపల పెట్టాను. పెట్టె తగిలింది.

"అవ్వా? ఉండాదా? ఉంటే నాయన్ని నెల్లూరు పొమ్మను. ఆడ నెట్ సెంటరులో ఇస్తే రేపటికల్లా నాకు పంపిస్తారు. మంగళవారానికి ఇంగా టైం ఉండాది. లేకపోతే లేదని చెప్పు. రైల్లోనే పోయిందని ఆడ వెతుక్కుంటాను. ఏందో ఒకటి చెప్పవ్వా!"

ఆ క్షణం గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. నా చెయ్యి ఆ పెట్టె మీదే ఉంది. అది జత కాదని నాకు అప్పటికే తెలిసింది. ఉందని చెబితే సినిమా బతుకుతుంది. కానీ చెప్పానంటే కట్టు తెగుతుంది. తెగితే ఆ పిల్ల ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, సముద్రం పక్కన, నా కట్టు లేకుండా ఉంటుంది. మద్రాసు ప్లాట్‌ఫారం మీద రెండు తువ్వాళ్ళతో దిగిన మనిషి నాకు కనిపించాడు. సంచి లేకుండా అంబులెన్సు ఎక్కిన తమ్ముడు కనిపించాడు. సినిమా మళ్ళీ తీసుకోవచ్చు అనుకున్నాను. నాలుగేళ్ళు మళ్ళీ వస్తాయా అని అనుకోలేదు.

"లేదమ్మా" అన్నాను.

"సరిగ్గా చూసినావా?"

"చూసినాను. యాడా లేదు."

"సరే అవ్వా. నువ్వు దిగులు పడొద్దు. మాత్ర ఏసుకో" అని పెట్టేసింది. బియ్యంలోంచి చెయ్యి తీసి, మూత పెట్టాను. వీధిలో ఎవరో అవుటయినట్టున్నారు, అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

సోమవారం ఫోను రాలేదు. మంగళవారం పదకొండు గంటలకు దేవుడి ముందు కూర్చున్నాను. ఏమని మొక్కాలో తెలియలేదు. బుధవారం నేను చేస్తే ఎత్తలేదు.

* * *

గురువారం ఉదయం గుమ్మంలో వెంకటేష్ కనిపించాడు. ఒక్కడే. నేను వీధిలోకి తొంగి చూశాను.

"ఆ పిల్ల రాలేదవ్వా. నేనొక్కణ్ణే వచ్చినాను" అన్నాడు. చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. నీళ్ళిస్తే తీసుకోలేదు.

"ఏమైంది నాయనా? ఆ ఫ్రాన్సు ఆమె..."

"ఆమె మంచిదే. అరగంటా కూర్చుని విన్నాది. చీర కట్టుకుని, గరిటెలిచ్చి, నోటితోనే సినిమా అంతా చెప్పింది ఇందు. అంతా విని, చూపించు అన్నాది. చూపించేదానికి ఏముండాది? నీ సరుకును నువ్వే కాపాడుకోలేకపోతే నా డబ్బెట్ట కాపాడతావు అని నవ్వతానే అన్నాదంట. ఆ మధ్యాన్నమే ఇంకోళ్ళకు మాటిచ్చేసింది." వాడు నేలకేసి చూస్తూ అన్నాడు. "అది కాదవ్వా నా బాధ. నేను తీసినానంటా ఉండాది."

"ఏంది?"

"ఆ పెట్టె. రైల్లో ఆ పిల్ల నిద్రపోతే సంచి నా తలకాడే ఉండాది. నువ్వు ఇంట్లో లేదని చెప్పినావంట. ఇంట్లో లేకపోతే రైల్లో పోవాల. రైల్లో నేను తప్ప ఎవుడూ సంచి తాకలేదు. నాలుగేండ్లు జీతం ఇయ్యలేదని కక్షతో తీసి దాచినానంట. అందరి ముందరా అనింది అవ్వా. నా సంచి తీసి బట్టలన్నీ కింద పోసి వెతికినాది. నా పాత చొక్కాలు, నా లోబట్టలు, ఆ పెద్దోళ్ళందరూ నడిచే కాడ. మా నాయన చేను తవ్వే కాలంలో నేను ఆ పిల్ల ఎనకాల కెమెరా మోసినాను. అడుగు, ఒక్కసారన్నా జీతం అడిగినానేమో అడుగు."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. డబ్బాలోంచి పెట్టె తీశాను. సందుల్లో రెండు మూడు బియ్యపు గింజలు ఇరుక్కున్నాయి. తెచ్చి వాడి పక్కన అరుగు మీద పెట్టాను.

వాడు దాన్ని చూశాడు. నన్ను చూశాడు. చాలాసేపటి దాకా ముట్టుకోలేదు.

"యాడుండాది ఇది?"

చెప్పాను. మా అమ్మ సంగతి, తువ్వాళ్ళ సంగతి, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే వినబడింది, అది ఎంత చిన్న విషయమో.

"ఫోను చేసినప్పుడన్నా చెప్పుండకూడదా అవ్వా?" అన్నాడు వెంకటేష్. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

వాడే ఇందుకు ఫోను కలిపి, ఏమీ మాట్లాడకుండా నా చేతికిచ్చాడు. అప్పటికి అది హైదరాబాదులో స్నేహితురాలి గదికి వెళ్ళింది.

"ఇందూ, పెట్టె ఉండాదమ్మా. నా కాడే ఉండాది. నేనే తీసినాను."

అవతల ఫాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"నువ్వు తిరిగి రావాలనే తీసినాను తల్లీ. నువ్వు రా. వచ్చి తీసుకో. వెంకటేషు కూడా ఈడనే ఉండాడు."

"వెంకటేషు ఆడుండాడా?" అంది. "వినినాడా?"

"వినినాడు."

"ఒకసారి ఇయ్యవ్వా."

ఫోను ఇవ్వబోయాను. వెంకటేష్ తల అడ్డంగా ఊపాడు. లేచి, అరుగు దిగి, బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. వెళ్తున్నాడని ఫోనులో చెప్పాను.

"బాలసుబ్రహ్మణ్యాన్ని పంపిస్తానమ్మా. పెట్టె తీసుకొచ్చి నీ చేతిలో పెడతాడు" అన్నాను.

"వద్దవ్వా. పంపొద్దు" అంది. "నేను రావాలనే గదా పెట్టుకున్నావు. ఉంచుకో."

తిట్టలేదు. అరవలేదు. ఫోను పెట్టేసింది.

* * *

ఇందు హైదరాబాదులో ఇళ్ళ స్థలాల ప్రకటనలు కూర్చే చోట పనికి కుదిరింది. ఆదివారాలు తండ్రికి ఫోను చేస్తుంది. అంతకుముందు మాట్లాడుకోని తండ్రీకూతుళ్ళు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. ఈ మొత్తంలో జరిగిన మంచి ఏదైనా ఉంటే అదొక్కటే. బాలసుబ్రహ్మణ్యం ఒకసారి వెళ్ళి చూసి వచ్చాడు. ముగ్గురు పిల్లలతో కలిసి ఒక గదిలో ఉంటోందట, చిక్కిపోయిందట. "సినిమా మాటెత్తితే లేచి బయటికి పోతాది అత్తా" అన్నాడు. పెట్టె తెచ్చిస్తానని ఇందును మూడుసార్లు అడిగి చూశాడట. వద్దనే అంది. వెంకటేష్‌కు ఇందు ఉత్తరం రాసిందని, వాడు జవాబు ఇవ్వలేదని కూడా ఆయనే చెప్పాడు. వాడు మళ్ళీ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసుకుంటున్నాడు. దుత్తలూరు బస్సులో ఒకసారి ఎదురుపడ్డాడు. లేచి నాకు సీటు ఇచ్చి, వెనక్కు వెళ్ళి నిలబడ్డాడు.

పెంచలనరసయ్యకు ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. ఆయన నెలకొకసారి బీపీ మాత్రలకు ఆత్మకూరు ఆసుపత్రికి వస్తాడు. వచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తాడు. మిగిలిన నాలుగు రోజుల షూటింగ్ అయ్యేదాకా గడ్డం తీయవద్దని ఇందు ఆయనకు చెప్పి ఉంది. గడ్డం మారితే ముందు తీసినదానికీ తరువాత తీసేదానికీ అతకదట. ఆయన ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. షూటింగ్ నాటిలాగే గడ్డం రొమ్ము దాకా ఉండేది.

"మనవరాలు దగ్గరికి రానీదమ్మా, గుచ్చుకుంటాదంట. మంగలోడు కనబడితే ఎగాదిగా చూస్తాడు. ఎండాకాలం దురద. ఇందమ్మని అడగండి, ఎప్పుడు మొదలుపెడతాదో" అనేవాడు.

"అడుగుతాలే నరసయ్యా" అనేదాన్ని.

"చెప్పినంత పొడుగే ఉంచి కత్తిరిస్తా ఉండాను. కొలతకు పుల్ల పెట్టుకున్నాను, చూడండి." జేబులోంచి గరిటె చెక్కగా మిగిలిన పుల్ల తీసి చూపించేవాడు. రొమ్ము దగ్గర గడ్డం ఆ పుల్ల అంతే ఉండేది.

పోయిన ఎండాకాలం ఒకరోజు గుమ్మంలో ఎవరో కొత్త మనిషి నిలబడ్డాడు. చెంపలు తెల్లగా, గడ్డం కింద చర్మం వేలాడుతూ. గొంతు వింటే గానీ పెంచలనరసయ్య అని పోల్చుకోలేదు.

"తీయించేసినానమ్మా" అన్నాడు. సిగ్గుపడుతున్నట్టు చెంపలు తడుముకున్నాడు. "ఒకటిన్నర ఏడాది అయిపాయ. మొన్న అద్దంలో జూసుకుంటే ఎవుడో వేషగాడు నా ఇంట్లో కూర్చున్నట్టు ఉండాది. ఇందమ్మ కోప్పడతాదా?"

"కోప్పడదులే."

"ఇంగ రాదులే గదమ్మా?"

ఆయన జేబులోంచి పుల్ల తీసి, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పెట్టె ఇప్పటికీ బియ్యం డబ్బాలోనే ఉంది. పొద్దున బియ్యం కొలిచేటప్పుడు చేతికి తగులుతుంది. డబ్బా ఖాళీ అయితే కొత్త బియ్యం పోసేముందు తుడిచి మళ్ళీ అడుగున పెడతాను. దాని లోపల కొండ కింద రోడ్డు మీద బస్సు పోతూ ఉంటుంది. నేను ఏడవకుండా నిలబడి చూస్తూ ఉంటాను. ఆ బొమ్మ నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇందు మా ఇంటి నుంచి 2023 నవంబరు 18, శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరింది. తిరిగి రాలేదు.